తాతబాబు మోకాలు

గ్యాసుబండ అయిపోతే బుక్ చేసినట్టు మా ఇంట్లో మోకాళ్ళు బుక్ చేస్తాం. మా ఆయన తాతబాబు విశాఖ రగ్బీ జట్టులో వింగర్. మైదానం అంచు గీత పక్కన కాచుకుని, బంతి అందగానే పరిగెత్తడం ఆయన ఉద్యోగం. ఆ ఆటలో బంతిని ముందున్నవాళ్ళకి ఇవ్వకూడదట, వెనకొచ్చేవాళ్ళకే అందించాలట. అదేం ఆటో నాకైతే ఎప్పుడూ ఎక్కలేదు.

అరవై దాటినా ఈయన మానలేదు. అరిగిన మోకాలు తీసేసి కొత్తది వేస్తుంటే ఎవరు మాత్రం మానతారు? మరి మా అమ్మాయి తన్మయికి చోటెక్కడిది? అదీ అదే జట్టులో వింగరే. ఏళ్ళ తరబడి బెంచీమీదే కూర్చుంటోంది. తండ్రిని ఒక్క మాట అనదు. దాని బదులు కోపం నాకొస్తుంది.

నిన్న పొద్దున మోకాలు వచ్చింది. తెచ్చినావిడ ఐసుపెట్టెను గుమ్మంలో దించి సంతకం అడిగింది. ఈయన కుంటుకుంటూ వచ్చి, "వాపసు తీసుకెళ్ళిపోమ్మా," అన్నారు.

"అదేంటండీ, రేపు మ్యాచ్ కదా," అన్నాను.

"వరం, స్టేడియం మెట్లెక్కడానికి ఈ పాతది చాలు. రేపు తన్మయి ఆడుతుంది. జట్టువాళ్ళకి చెప్పేశాను."

పొయ్యి దగ్గర తన్మయి దోసె మాడ్చేసింది.

ఇవాళ అది బంతి అందుకుని గీత వెంట దూసుకుపోతుంటే, పక్కన కూర్చున్న ఈయన వైపు చూశాను. ఖాళీ చేతులు రెండూ బంతి పట్టుకున్నట్టే పెట్టుకుని, మెల్లగా వెనక్కి అందిస్తున్నారు.