ఎల్ బోర్డు మొగుడు

"సీటు బెల్టు?" అని అడిగింది భార్య.

"పెట్టుకున్నాను," అన్నాడు భర్త, నడుముకున్న పట్టీని తట్టి చూపిస్తూ.

"తడితే సరిపోదు. లాగి చూపించాలి."

ఆయన పట్టీని చర్రున ఊడదీసి, ఇంకాస్త బిగించి అతికించాడు. వెన్నుకి ఆపరేషనై ఆరు వారాలు. వంగకూడదు, బరువెత్తకూడదు, నడుము మెలితిప్పకూడదు. ఎవరినీ పట్టుకోకుండా, వీటిలో ఏదీ చెయ్యకుండా వీధి చివరిదాకా వెళ్ళి రాగలిగితే సోమవారం నుంచి ఆఫీసుకి పోవచ్చన్నాడు సర్జను. లేకపోతే ఇంకో నెల సెలవు. ఆ నడకేదో ఇంట్లోవాళ్ళు కళ్ళారా చూసి సంతకం చెయ్యాలని ఒక కాగితం కూడా ఇచ్చాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఇంట్లోవాళ్ళంటే భార్య ఒక్కతే. ఆమె పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది.

ఇప్పటికి మూడు పరీక్షలయ్యాయి. మూడూ ఫెయిల్. మొదటిసారి, పిల్లి అడ్డమొస్తే ఆలస్యంగా ఆగినందుకు. రెండోసారి, సెలూన్ ముందు నిలబడి కబుర్లు చెప్పినందుకు. దాన్ని ఆమె నో పార్కింగ్ కింద రాసింది. మూడోసారి మాత్రం తప్పు తప్పే. వెనకనుంచి పిలవగానే పాదాలు కదపకుండా నడుము తిప్పి చూశాడు.

"ఇదుగో, ఇవాళ గురువారం. మంచం మీద పడుకుని ఫ్యానుకి మూడు రెక్కలే ఉన్నాయని వెయ్యిసార్లు లెక్కపెట్టాను. ఇంకో నెలంటే నాకు పిచ్చెక్కుతుంది," అన్నాడాయన.

"పిచ్చెక్కినవాళ్ళని రోడ్డెక్కనివ్వకూడదు," అంటూ ఆమె పట్టీ వెనకవైపు ఎర్రటి ఎల్ బోర్డు తగిలించింది.

"ఇది కూడా అవసరమా? వీధంతా నవ్వుతోంది."

"నవ్వితే నవ్వనీ. నవ్వేవాడు మీవంక చూస్తాడు. చూసేవాడు మిమ్మల్ని గుద్దడు. ఊఁ, బయల్దేరండి."

ఆయన గేటు దాటాడు. తప్పులు రాసే అట్ట, పెన్ను ఒక చేత్తో పట్టుకుని ఆమె వెనకే నడిచింది. రెండో చెయ్యి ఆయన వీపుకి బెత్తెడు దూరంలో, తాకకుండా, గాలిలో వెంట వస్తూనే ఉంది. అది ఆయనకి కనపడలేదు. వీధిలో అందరికీ కనపడింది.

సెలూన్ ఆయన కత్తెర ఆపి గుమ్మంలోకి వచ్చాడు. మొహం నిండా నురగతో గడ్డం గీయించుకునే మనిషి కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, సెకండ్ గేరు చాలు! తొందరేం లేదు!"

"డ్రైవరుతో మాట్లాడకూడదు," అంది భార్య.

వీధి మధ్యలో ఆమె పెన్ను జారవిడిచింది. "అయ్యయ్యో, పడిపోయింది. కాస్త తీసివ్వరూ?" అంది గొంతులో తేనె పోసుకుని.

ఆయన చెయ్యి ముందుకి వెళ్ళబోయింది. ఠక్కున ఆగింది.

"మా ఆవిడ నడుం గట్టిది. తనే తీసుకుంటుంది," అన్నాడు.

నురగాయన చప్పట్లు కొట్టాడు.

వీధి చివరి స్తంభం దగ్గర ఆమె ఉన్నట్టుండి కేక పెట్టింది. "వెనక నీళ్ళ ట్యాంకరు!"

ఆయన నడుము మెలితిప్పలేదు. ఇరుకు సందులో బస్సు తిరిగినట్టు, చిన్న చిన్న అడుగులేస్తూ, మనిషి మనిషంతా తిరిగాడు. ట్యాంకరూ లేదు, గీంకరూ లేదు.

"అబద్ధాలు కూడా ఆడతావుటే!"

"రోడ్డు మీద ఎప్పుడేమొస్తుందో ఎవరు చూడొచ్చారు? పదండి."

తిరుగుదారిలో ఎవరి బంతో దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ ముందు ఆగింది. తన్నాలని కాలికి ఎంత ఉబలాటంగా ఉన్నా పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు. సెలూన్ ముందు "టీ తాగుదువుగాని, ఆగన్నా" అన్నా ఆగలేదు. చెయ్యి చాపి సిగ్నలిచ్చి మరీ గేటులోకి తిరిగాడు. నవ్వాపుకోలేక ఆమె అట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇక మిగిలింది రివర్స్. వరండాలో కుర్చీకి వీపు పెట్టి, పిక్కలకి తగిలేదాకా వెనక్కి జరిగి, చేతులు రెండూ ఆనించి, గుడ్ల బుట్ట దించినట్టు తనని తాను దించుకున్నాడు. కుర్చీ కిర్రుమని కూడా అనలేదు.

ఆయన మొహం నిండా చెమట. ఆ చెమట నిండా నవ్వు. ఆమె చేతిరుమాలుతో నుదురు తుడిచింది.

"ఏదీ, చూపించు," అన్నాడు.

ఆమె అట్ట తిప్పి చూపించింది. తప్పుల గడిలో ఒక్క గీత కూడా లేదు.

"మరింకేం! పెట్టు సంతకం."

"ఫెయిల్," అంది భార్య. "రేపు సాయంత్రం ఐదింటికి మళ్ళీ రండి."

ఫలితం వినడానికి గేటు దాకా వచ్చిన సెలూన్ ఆయనకి ఒళ్ళు మండిపోయింది. పక్కన నురగ ఆరిపోతున్న మనిషి కూడా తల అడ్డంగా ఊపాడు.

"ఇదెక్కడి న్యాయం వదినా! ఒక్క తప్పు కూడా చెయ్యని మనిషిని ఎవరైనా ఫెయిల్ చేస్తారా?"

చిత్రంగా, కుర్చీలో మనిషి మాత్రం చెవులు ఎర్రబడగా నేల చూపులు చూస్తున్నాడు.

"ఎందుకు చెయ్యరూ?" అంది ఆమె, పెన్నుకి మూత పెడుతూ. "నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి నోరు పెగలక, ఇంకో వారం కనపడతాను కదా అని, లైసెన్సు పరీక్షలో ఒక్క తప్పూ లేకుండా కారు నడిపిన నన్ను వరసగా నాలుగుసార్లు ఫెయిల్ చేసిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఈయనే."