ఐదు రోజుల కాయలు

ఈ జామతోటలో నాకంటే గొప్ప పొదుపరి ఉడుత లేదు. నిన్నటి నుంచి మాత్రమే అనుకోండి.

మా అమ్మ రోజూ మూడు వేరుశనగ కాయలు ఇచ్చేది. నేను పొద్దున్నే మూడూ తినేసి, సాయంత్రం దాకా "ఇంకొకటే అమ్మా" అంటూ ఆమె తోక పట్టుకుని వేలాడేవాణ్ని. దాచుకు తినే చెల్లి బుడ్డిని "పిసినారి ముసలమ్మా!" అని ఏడిపించేవాణ్ని.

ఒక రోజు అమ్మ ఐదు రోజుల కాయలూ ఒకేసారి నా ముందు పోసింది. "ఇవన్నీ నీవే. మధ్యలో అడిగావో, ఊరుకోను!"

పదిహేను కాయలు! గోరింకల్ని పిలిచి విందు చేశాను. తిన్నంతసేపూ అవి నన్ను "మారాజా" అన్నాయి. మర్నాటికి తొక్కలే మిగిలాయి. నాన్న జాలిపడి ఒక కాయ తీయబోతే, "మీరు ఊరుకోండి" అంది అమ్మ. నాలుగు రోజులు పచ్చి జామపిందెలే గతి.

"ఏం మారాజా, పిందెలు వగరుగా ఉన్నాయా?" అంది బుడ్డి.

నిన్న అమ్మ మళ్లీ పదిహేను ఇచ్చింది. ఈసారి ఐదు గుంటలు తవ్వి, మూడేసి పాతాను. అమ్మ మురిసిపోయింది.

ఆమెకు ఒక్క సంగతి చెప్పలేదు. ఐదో గుంటలోని కాయల్ని ఇప్పటికే ఏడుసార్లు తవ్వి, నాకి, మళ్లీ పాతిపెట్టాను.