కుడి చక్రం

పొన్నుత్తాయి కోడిగుడ్ల వ్యాను నామక్కల్‌లోని నా షెడ్డు ముందు మళ్లీ ఆగింది.

“కుడి చక్రానికి కొత్త బేరింగు వేశావు గానీ, ఆ మూలుగు పోలేదన్నా. ఎడమ పక్క నుంచి వస్తోందని మొన్నే మొత్తుకున్నాను.”

“ముప్పై ఏళ్లుగా చెవితోనే రోగం పట్టేస్తున్నాను. నువ్వు గుడ్ల సంగతి చూసుకో తల్లీ!”

ఆమె నోరు మూయించడానికే ఎడమ చక్రాన్ని జాకీతో లేపి, దాని పక్కనున్న స్ప్రింగు మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో చక్రం తిప్పాను. అరచేతికి గరగర తగిలింది. బేరింగు విప్పాను.

కొత్తది బిగించి తలెత్తేసరికి ఆమె నా ఎడమ పక్కనే నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వినిపించడం లేదు. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో!

ఆమె ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత నెమ్మదిగా నా కుడి పక్కకు వచ్చింది.

“టీ చల్లారిపోతోందన్నా.”

ఆమె ముఖం చూడలేకపోయాను.

వ్యాను వెళ్లాక, బండ్ల నుంచి విప్పి గోడ మేకుకు గొప్పగా వేలాడదీసుకున్న పాత బేరింగుల్ని ఒక్కొక్కటే వేలితో తిప్పాను. చాలావరకు నున్నగా తిరిగాయి.

ఇవాళ్టిది తప్ప, ఈ ఏడాది నేను మార్చినవన్నీ కుడి చక్రాలవే.