పన్నెండో మడి

ఆ మడి ఎండిపోయి ఉండాలి. రామచంద్రం అలా అనుకునే వచ్చాడు.

వీరలక్ష్మి పోయి డెబ్బై రెండు రోజులు. ఆ ఉదయమే ఆయన ధైర్యం చేసి ఆమె బీరువా తెరిచాడు. ఛార్జి లేక ఆగిపోయిన ఆమె ఫోను పక్కన, కలుపు తీసే చిన్న పార దొరికింది. దాన్ని పట్టుకుని, గచ్చిబౌలిలోని తమ అపార్టుమెంటు వెనక ఉన్న కూరగాయల మడుల దగ్గరికి మొదటిసారి వచ్చాడు. ప్రతి మడి ముందూ నంబరు, పేరు రాసిన చెక్క పలక ఉంది. కళ్లద్దాలు మరిచిపోవడంతో అక్షరాలు అలుక్కుపోయాయి. కర్రకు కట్టిన నీలం చీర పేలికను బట్టి భార్య మడిని పోల్చుకున్నాడు.

మడి ఎండలేదు. బెత్తెడు ఎత్తున లేత మెంతికూర. కింద నేల తడిగా ఉంది.

భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో నీళ్ల డబ్బాతో ఒక అమ్మాయి వచ్చి ఆయన్ని చూసి ఆగింది.

“ఎవరు కావాలి అంకుల్?”

“ఎవరూ వద్దమ్మా. ఇది మా ఇంటామె మడి. ఆమె పోయి రెండు నెలలు దాటింది. నేనే రాలేకపోయిన.”

ఆ అమ్మాయి ఏదో అనబోయి, ఆయన చేతిలోని పార వైపు చూసింది. డబ్బా ఆయన ముందుకు జరిపింది.

“పోయండి అంకుల్.”

“నీ మడికి తెచ్చుకున్నవు గదా.”

“నాకెక్కడిది? ఏడాదిన్నరగా వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నా. ఎవరిదైనా ఎండుతుంటే కొంచెం పోస్తుంటా.”

“మరి ఈ మెంతి కూడా నువ్వే చల్లినవా?”

“లేదంకుల్,” అంది గబుక్కున. పేరు యశస్విని అని చెప్పింది.

మర్నాడు అద్దాలతో వచ్చాడు. అన్ని మడులకూ పలకలున్నాయి. పన్నెండో దానికి మాత్రం మట్టిలో చిన్న గుంత మిగిలింది. నిన్న ఉన్నట్టే గుర్తు. తన గుర్తునే నమ్మాలో లేదో తెలియలేదు.

“పలక పీకిన్రంటే కమిటీ పనే,” అన్నాడు పక్క మడి లక్ష్మీనారాయణ. నెల రోజులు బాచుపల్లిలో కూతురింట్లో ఉండి నిన్న సాయంత్రమే వచ్చాడాయన. “నలభై ఐదు దినాలు పట్టించుకోకుంటే మడి గుంజుకుంటరు. ముందుగాల ఫోన్‌కు మూడు నోటీసులు పంపుతరు. వచ్చినయా?”

“నా ఫోన్‌కు ఒక్కటీ రాలే.”

“అట్లయితే ఫికర్ లేదు.” లక్ష్మీనారాయణ వంగి ఒక మెంతి ఆకు తుంచాడు. “గని ఇది ఇరవై దినాల మొలక. అక్క పోయి డెబ్బై దినాలాయె. మీదికెళ్లి చల్లిందా ఏంది?”

“అదే నాకూ సమజైతలేదు.”

“ఆదివారం సురేంద్ర లిస్టు పట్టుకొని తనిఖీకి వస్తడు. జర తయారుగుండు.”

అప్పటి నుంచి రామచంద్రం రెండు పూటలా వచ్చాడు. వీరలక్ష్మి చేయి పెట్టిన మట్టి ఇంకెక్కడా లేదు. అది పోతే ఎలా అన్న ఆలోచనతో కలుపూ మొక్కా ఒకటే అయిపోయేవి.

“అంకుల్, అది మెంతి. మీరు పీకుతున్నది మెంతి,” అనేది యశస్విని, గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ చూస్తూనే.

“మరి కలుపేది?”

“మీరు నీళ్లు పోస్తున్నది.”

చాలా రోజుల తర్వాత ఆయనకు నవ్వు వచ్చింది. “నా మడి పోతే నీకే వస్తదేమో చూడు.”

“పోదంకుల్.”

“నీకెట్ల తెలుసు?”

ఆమె స్క్రీను వైపు తిరిగింది.

ఆదివారం కమిటీ కార్యదర్శి సురేంద్ర కాగితాలతో వచ్చాడు. పన్నెండో మడికి చేరేలోపే యశస్విని ఎదురెళ్లి ఆయన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. సురేంద్ర రెండుసార్లు అడ్డంగా తల ఊపాడు. మూడోసారి ఊపలేదు. కాగితంలో ఏదో కొట్టేసి, దాని పైన రాసుకుని ఇటు వచ్చాడు.

రామచంద్రం లేచి నిలబడ్డాడు. “రెండు నెలలు రాలేకపోయిన సార్. అది నిజమే. ఇప్పుడు రోజూ...”

“మెంతి బాగా వచ్చింది,” అన్నాడు సురేంద్ర, ఆయన కళ్లలోకి చూడకుండా.

“పలక పోయింది సార్.”

“కొత్తది పెట్టుకోండి. మేడం పేరే రాయించండి.”

అంతే. మందలింపు లేదు, సంజాయిషీ అడగలేదు. ఆయన వెళ్లిపోయాక కూడా రామచంద్రం అలాగే నిలబడ్డాడు. ఇంత తేలిగ్గా ఎలా తెమిలిందో అర్థం కాలేదు.

చినుకులు మొదలయ్యాయి. యశస్వినికి ఆఫీసు ఫోను వచ్చింది. మాట్లాడుతూనే షెడ్డు కిందికి పరుగెత్తింది. సంచి గట్టు మీదే ఉండిపోయింది. తడుస్తుందని రామచంద్రం దాన్ని ఎత్తాడు. మూయని జిప్పులోంచి మట్టి అంటిన చెక్క పలక కొస బయటికి వచ్చింది. ఆయన జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు.

పలక మీద “12, యశస్విని” అని ఉంది.