ఒకే మోతాదు

"ఇంకొక్కసారి కొలుస్తాను సార్," అంది జ్ఞానాంబ.

"మూడు దినాలుగా ఇదే మాట. చిత్తూరు ఉద్యోగంలో నిన్ననే చేరాల కదమ్మా? కొత్త ఆంధ్ర రాష్ట్రం నీ కోసం కాచుకోని ఉంటాదా?" డాక్టర్ చంద్రశేఖరం విసుక్కున్నాడు.

వేలూరు పరిశోధనశాలలో జ్ఞానాంబ ఆయన సహాయకురాలు. మొండిదంటే మొండిది. ఎలుక కండ ముక్కల్ని గాజు బుడ్లలో వేసి, బుడ్లను నీళ్ళ తొట్టిలో పెట్టి, నీళ్ళ వేడి మారుస్తూ, ఆ ముక్కలు ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాయో కొలుస్తోంది. కొన్నిటిలో ఒళ్ళు తగ్గడానికి తాగే పసుపు మందు కలిపింది.

గుడియాత్తంలో లుంగీల వర్తకుడు గుణశేఖరం పొట్ట తగ్గాలని ఆ మందే తాగేవాడు. మార్గళి నెల చలిలో ఏమీ కాలేదు. చిత్తిరి నెల ఎండల్లో ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి చచ్చిపోయాడు. రోజూ మజ్జిగలో మందు కలిపి ఇచ్చేది భార్య పంకజమ్మ. ఆయనకు నలభై అయిదు, ఆమెకు ఇరవై రెండు. ఇంకేం, కావాలనే ఎక్కువ కలిపిందని ఊరంతా ఆడిపోసుకుంది. పోలీసులు పట్టుకుపోయారు. శుక్రవారం కోర్టు. ఉరి పడినా పడొచ్చు.

"ఆ పిల్ల నీకు చుట్టమా?"

"మాదీ గుడియాత్తమే సార్. అంతే."

"మందు లేకపోయినా వేడికి కండ ఎక్కువే పీలుస్తాది. వకీలు అదే అడుగుతాడు."

"అందుకే మందు లేనివి కూడా పక్కనే పెట్టినాను. ఇరవై అయిదు డిగ్రీల్లో రెండిటికీ తేడా కొంచెమే. నలభై రెండులో చూడండి. అదే మోతాదు మందున్న కండ, మందు లేనిదానికి మూడింతలు పీలుస్తా ఉండాది. ఎంత పీలిస్తే అంత వేడి పుడతాది; ఎండకు ఆయన ఒంట్లో ఆ వేడి బయటికి పోలేదు. ఆసుపత్రికి తెచ్చినప్పుడు జ్వరం నూట ఎనిమిది. అంటే మన తొట్టి సెంటీగ్రేడు లెక్కలో ఇంచుమించు ఈ నలభై రెండే."

చంద్రశేఖరం కళ్ళద్దాలు సర్దుకుని తానే మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

"కాగితం మీద రాయమ్మా. నేనే వచ్చి చెప్తాను," అన్నాడు.

శుక్రవారం ఆయన సాక్ష్యం చెప్పాడు. కోర్టు పంకజమ్మను వదిలేసింది. ఆమె బయటికి వస్తూనే జ్ఞానాంబ కాళ్ళ మీద పడింది.

"నేనెవరో, మీరెవరో. నా కోసం ఉద్యోగం కూడా పోగొట్టుకున్నారంట. ఎందుకమ్మా?"

జ్ఞానాంబ ఆమెను లేపి, కళ్ళు తుడిచింది. ఆమెకూ ఏడుపొచ్చింది.

"చెయ్యని తప్పుకు ఊరి నోట పడితే ఎట్లుంటాదో నాకు తెలుసు," అంది.

ఆ తర్వాత మెల్లగా చెప్పింది.

"నిన్ను కట్టుకునేదానికి మీ ఆయన వదిలేసింది నన్నే."