చిన్న క్లెమ్‌ని ఎక్కడ దింపాలి?

"బ్యాక్ పాకెట్. ఇంకో మాట లేదు," అన్నాడు లెస్.

కారు అద్దానికి లోపల పట్టిన ఆవిరి మీద వేలితో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ మైదానంలా కోడిగుడ్డు ఆకారం గీసి, ఒక చివర మన గోల్ పక్కన చుక్క పెట్టాడు. "ఇదిగో, ఈ మూల. ఎవడూ వచ్చి మీద పడడు. వాడి ఒంటికి ఇదే క్షేమం."

"మీద పడరు సరే, అటు బంతి కూడా రాదుగా!" వెనక సీట్లోంచి డగ్గీ ముందుకు వంగాడు. "వాడక్కడ దిష్టిబొమ్మలా ఉండాలా?"

"దెబ్బ తగలకుండా ఉంటాడు."

"దెబ్బ తగలకపోతే వాడు చిన్న క్లెమ్ ఎలా అవుతాడ్రా?"

స్టీరింగ్ ముందు కూర్చున్న వెర్నా నవ్వింది. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇద్దరికీ అందించింది. శనివారం పొద్దున. వాలప్ క్రీక్ మైదానం మీద మంచు ఇంకా కరగలేదు. మంచి చోటు దొరకాలని అప్పుడే రెండు మూడు కార్లు కంచెకి ముక్కు ఆనించి నిలబడ్డాయి. ఎక్కడన్నది మీరే తేల్చుకోండి, కాకపోతే చిన్నపిల్లల ఆట మొదలయ్యేలోగా తేల్చండి అని క్లబ్బు వాళ్లు ముందే చెప్పారు. అరగంట నుంచీ వీళ్లు తేలుస్తూనే ఉన్నారు.

తండ్రి పెద్ద క్లెమ్ కాబట్టి ఇతను చిన్న క్లెమ్. గాలిలోకి లేచి బంతి పట్టాడంటే చూసేవాళ్లు నోట్లోది నమలడం మరిచిపోవాల్సిందే. తంటా అంతా కిందికి దిగేటప్పుడే. పదిహేడో ఏట మోకాలు పోయింది. అది బాగయ్యేసరికి భుజం, ఆ తర్వాత తొడ కండరం. ఒకసారైతే ఓడిపోయిన కోపంలో బెంచీని తన్ని కాలివేలు విరగ్గొట్టుకున్నాడు. పెద్దల జట్టులో చివరి సైరన్ మోగేదాకా మైదానంలో నిలిచిన ఆట ఒక్కటీ లేదు. ప్రతిసారీ స్ట్రెచర్ ఒక కొస పట్టుకుని మోసుకొచ్చింది ఈ డగ్గీయే. ఇంటికెళ్లాక కట్లు కట్టింది వెర్నా.

"పోనీ, అంచున వింగ్?" అన్నాడు డగ్గీ. "అక్కడ కావలసినంత చోటు. వాడికి పరుగంటే ప్రాణం."

"వింగ్‌లో గాలి చూశావా? ఉత్తరం నుంచి వీచిందంటే వాడు ఇటు నుంచి అటు పక్క ఊళ్లో తేలతాడు."

"అయితే సెంటర్."

"నలుగురూ కలిసి తొక్కేస్తారు."

"ఏదీ వద్దంటే ఎలాగరా? బెంచీ మీద కూర్చోబెడదామా?"

"బెంచీ మాట ఎత్తకండి," అంది వెర్నా. గొంతు పెద్దగా లేచిందేం కాదు గానీ, ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. "బెంచీ మీద కూర్చుంది చాలు. నాకు ఒక్కటే కావాలి. ఈసారి ఎక్కడ దింపినా సరే, సైరన్ మోగేదాకా క్లెమ్ మైదానంలో ఉండాలి. మధ్యలో ఎవరూ బయటికి తేకూడదు."

"తేరు వెర్నా," అన్నాడు లెస్ మెల్లగా. "ఈసారి ఎవరూ తేరు."

డగ్గీ కప్పులో టీ చల్లారిపోయింది.

"నీకో సంగతి చెప్పలేదు వెర్నా," అన్నాడు డగ్గీ. "ఫైనల్లో వాడి భుజం జారిన రోజు గుర్తుందా? గోల్ ఎదురుగా అంత ఎత్తు లేచి బంతి పట్టి, కిందపడి లేవలేకపోయాడే."

"గుర్తులేకపోవడమేంటి? తన బదులు ఆ బంతి గోల్‌కి తన్నింది ఈ లెస్సేగా."

"ఆఁ. మేం వాడిని మోసుకుని కంచె దాకా వచ్చామో లేదో, వెనక గోల్ పడింది. కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. వాడు కళ్లు మూసుకునే, 'ఎవరి గోలు డగ్గీ?' అన్నాడు. 'నీదేరా' అన్నాను."

"నమ్మాడా?"

"నమ్మకుండా ఉంటాడా? స్ట్రెచర్ మీద పడుకునే చెయ్యెత్తి జనానికి ఊపాడు."

వెర్నా పకపకా నవ్వింది. నవ్వుతూనే చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది. లెస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ హారన్లు తలుచుకుంటే ఇప్పటికీ అతని ఒళ్లు పులకరిస్తుంది. బురద, చలి, విరామంలో నారింజ ముక్కలు, అందరూ కుర్రకారు. ఎంత బాగుండేదో!

"అబద్ధం కాదులే," అన్నాడు లెస్. "కష్టపడి పట్టింది వాడు. నేను ఊరికే కాలు తగిలించాను. అది వాడి గోలే."

అద్దం మీద మూల పెట్టిన చుక్కను అరచేత్తో తుడిచేశాడు. కోడిగుడ్డు రెండో చివర, గోల్ స్తంభాల ఎదురుగా, కొత్తగా ఒక చుక్క పెట్టాడు.

"ఫుల్ ఫార్వర్డ్," అన్నాడు.

"తొక్కుతారన్నావుగా?" అంది వెర్నా.

"తొక్కనీ. గోల్ పడ్డప్పుడల్లా హారన్లన్నీ వాడికే మోగుతాయి."

వెర్నా ఇంజిన్ ఆపి, సంచి భుజాన వేసుకుని దిగింది. ముగ్గురూ మంచుతో తడిసిన గడ్డి మీద నెమ్మదిగా నడిచి గోల్ స్తంభాల ఎదుట ఆగారు. లెస్ నాలుగు గడ్డిపరకలు తుంచి గాలిలోకి వదిలాడు.

"గాలి మన మీదికే వస్తోంది. ఇద్దరూ ఇటు రండి," అన్నాడు.

వెర్నా సంచిలోంచి భర్త చితాభస్మం బయటికి తీసింది.