అసిరయ్య సముద్ర స్నానం

“సముద్రం ఎక్కడికి పోతాది? గొట్టం తీసీసినాక ములగలేవా? నీకంత తొందరేటొచ్చినాది?”

గున్నమ్మ గొంతు వార్డంతా వినబడుతోంది. మంచం మీద ఆమె మొగుడు అసిరయ్య చలికి ఎగిరెగిరి పడుతున్నాడు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగడం లేదు. అయినా పెళ్లాం తిడుతుంటే వింటూ నవ్వుతూనే ఉన్నాడు.

అసిరయ్య చేపలు పట్టే మనిషి. కిడ్నీలు పాడై ఏడాది దాటింది. డయాలసిస్ కోసం చేతి నరానికి చేసిన ఆపరేషన్ నిలవలేదు. దాంతో మెడ పక్క నుంచి గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసి, పైన పట్టీ అంటించారు. వారానికి మూడుసార్లు వెళ్లి, ఆ గొట్టానికి మిషను తగిలించుకుని రావాలి.

డయాలసిస్ గదిలోకి ఇంటివాళ్లని రానివ్వరు. జాగ్రత్తలన్నీ నర్సు శ్రావణి అతనికే చెప్పేది. మగవాడు కదా, పది మాటలు విని ఇంటికి ఒక్కటే మోసుకొచ్చాడు.

“తడి తగలకూడదంట.”

ఆ ఒక్క మాటనీ గున్నమ్మ ప్రాణం పెట్టి పట్టుకుంది. మొగుడికి తలస్నానం మాన్పించింది. రోజూ తనే తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది. చినుకు పడితే చీర కొంగు తీసి అతని మెడకి చుట్టేది. ముప్పై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషిని రేవు వైపు కూడా చూడనివ్వలేదు. అసిరయ్యని ఇంకో పదేళ్లు బతికించుకోవాలి, అదొక్కటే ఆమె పంతం.

అలాంటిది సోమవారం నాడు మిషను మీద ఉండగానే చలిజ్వరం ముంచుకొచ్చింది. డాక్టరు పృథ్వీరాజ్ పట్టీ విప్పించి చూశాడు. తర్వాత గున్నమ్మని లోపలికి పిలిపించాడు.

“గొట్టం దారిన క్రిములు రక్తంలోకి వెళ్లిపోయాయమ్మా. పట్టీ కింద ఏదో చేరింది. ఇంట్లో ఏం జరిగింది?”

గున్నమ్మ నోరు తెరిచేలోపే అసిరయ్య అందుకున్నాడు.

“ఇంట్లో ఏటీ అవలేదు బాబూ. దానికేటీ తెల్దు. నానే నిన్న సముద్రంలో ములిగీసినాను.”

శ్రావణి అతనికేసి చూసింది. విప్పిన పట్టీ ఆమె చేతిలోనే ఉంది. దాన్ని మడిచి డబ్బాలో పడేసింది.

ఆ మధ్యాహ్నమే అసిరయ్యని శ్రీకాకుళం తీసుకొచ్చి ఈ వార్డులో చేర్చారు. గొట్టం తీసేశారు. మందులు ఎక్కిస్తున్నారు. జ్వరం మాత్రం దిగిరావడం లేదు.

మంగళవారం నాగబాబు వచ్చాడు. అసిరయ్యతో ఒకే పడవ మీద పనిచేసిన మనిషి.

“అక్కా, ఆదివారం బావ రేవుకి రానేదే. నాను పొద్దంతా అక్కడే వల బాగుసేసుకుంతన్నాను.”

“ఓరి, నువ్వూ ఆడి పక్కే! మగోలందరూ ఒకటే,” అని గున్నమ్మ అతన్నీ కడిగేసింది. నాగబాబు బిక్కమొహం వేసుకుని పోయాడు.

బుధవారానికి ఆమె తిట్టడం మానేసింది. అసలు మాట్లాడటమే మానేసింది. ఇన్నాళ్లు కళ్లల్లో పెట్టుకుని కాపాడితే ఒక్క మునకకి అంతా పోగొట్టాడని కడుపు మండిపోతోంది. అసిరయ్యకి ఊపిరి అందడం లేదు. చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు.

“గున్నీ, తిట్టవేటే? తిడితే బాగుంతాది.”

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

“ఊర్లో ఎవులడిగినా నానే ములిగినానని సెప్పు. నువ్వేటీ సెయ్యనేదు. తెలిసిందా?”

“సెప్తాను. ఊరంతా సాటింపేసి సెప్తాను.”

ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. శుక్రవారం పొద్దున్న అసిరయ్య పోయాడు.

గున్నమ్మ ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఊళ్లో ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. “పసిపిల్లాడినాగ సూసుకున్నాది పాపం, ఆడే సేతులారా సేసుకున్నాడు” అన్నారు. ఆ మాటలు ఆమెకి ఓదార్పు కాలేదు. చాపిన ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోలేకపోయానే అని ఆమె గుండె తరుక్కుపోయేది. కంచంలో చెయ్యి పెడితే అదే గుర్తొచ్చేది. తినలేక లేచిపోయేది.

ఆర్నెల్లు తిరిగాయి. ఈసారి ఆమె తమ్ముడు సూరయ్య వంతు. అవే కిడ్నీలు, అదే డయాలసిస్, మెడ పక్కన అలాంటి గొట్టమే. కబురు తెలియగానే గున్నమ్మ నరసన్నపేటలో బస్సు మారి తమ్ముడి ఊరు వెళ్లింది.

సూరయ్య మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. అతని భార్య తాతమ్మ ఆమెని చూడగానే బావురుమంది.

“నాకేటీ తెల్దు వదినా. ఏటి సెయ్యాలో నువ్వే సెప్పాల.”

గున్నమ్మ మరదల్ని దగ్గరికి తీసుకుంది. తన చేతుల్లో ఒకరు పోయారు. ఈ ఒక్కడినీ పోనివ్వకూడదు.

“నీల్ల కాడికి మాత్రం ఎల్లనియ్యకు. మీ అన్నయ్య అక్కడే పోనాడు,” అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు సంచిలోంచి ఓ చిన్న పొట్లం తీసి తాతమ్మ చేతిలో పెట్టింది.

“నానే దంచిన పసుపిది, మద్దేనం ఆడు కునుకుతీసినప్పుడు పట్టీ రవ్వంత ఎత్తి ఆ గొట్టం మొదట్లో అద్దు, పుండు బేగి మాన్తాది, మీ అన్నయ్యకి ఆడికి తెల్దకుండా రోజూ నానిలాగే ఎట్టీదాన్ని.”